రేనమ్ హాల్ మెట్ల మీద ఆ నీడ ఎవరిది?

విశాలమైన ఓక్ చెక్క మెట్లు. వాటి మీదుగా కిందికి దిగివస్తున్న తెల్లటి ఆకారం. తల మీంచి పాదాల దాకా మేలిముసుగు కప్పుకున్నట్టు ఉంటుంది. ముఖం కనిపించదు. కాళ్లు కనిపించవు. ఆకారం వెనకున్న మెట్లు మాత్రం లీలగా కనిపిస్తాయి... దెయ్యాల గురించి రాసిన ఏ ఇంగ్లిష్ పుస్తకం తిరగేసినా ఈ ఫొటో ఎదురవుతుంది. తీసి ఎనభై ఏళ్లు దాటింది. అయినా అది నిజమా, కనికట్టా అన్న వాదన ఇంకా తెగలేదు. ఆ ఫొటో పుట్టిన ఇల్లే రేనమ్ హాల్. మెట్లు దిగుతోందని చెప్పే ఆవిడ పేరు డొరతీ వాల్‌పోల్. లోకం ఆవిడను పిలిచే పేరు మాత్రం 'బ్రౌన్ లేడీ'!

నాలుగు వందల ఏళ్ల దివాణం

మన దగ్గర జమీందార్లకు దివాణాలు, దొరలకు గడీలు ఉన్నట్టే ఇంగ్లండులో పాత భూస్వాములకు మేనర్లు, హాళ్లు ఉంటాయి. చుట్టూ వందల ఎకరాల పొలాలు, మధ్యలో భవంతి, పక్కనే చర్చి, ఆ చర్చి ఆవరణలోనే తరతరాల సమాధులు. లండన్‌కు ఈశాన్యంగా, సముద్రాన్ని ఆనుకుని ఉండే నార్‌ఫోక్ కౌంటీలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. బ్రిటన్ రాజకుటుంబం క్రిస్మస్ జరుపుకొనే సాండ్రింగ్‌హామ్ కూడా ఆ కౌంటీలోదే. ఫేకెన్‌హామ్ అనే చిన్న పట్టణం దాటి కొద్ది దూరం వెళితే ఈస్ట్ రేనమ్ గ్రామం వస్తుంది. ఎర్ర ఇటుక గోడలు, వంపు తిరిగిన ముంజూరులు, వరసగా పొడవాటి కిటికీలు... రేనమ్ హాల్ అక్కడే ఉంది.

1619లో సర్ రోజర్ టౌన్‌షెండ్ దీని నిర్మాణం మొదలుపెట్టాడు. అప్పటి నుంచీ ఇది టౌన్‌షెండ్ల ఇల్లే. ఈ వంశంలో చరిత్రకెక్కినవాళ్లు తక్కువేం కాదు. 1767లో అమెరికా వలసల మీద తేయాకుతో సహా పలు వస్తువులకు పన్నులు వేసి, అక్కడి తిరుగుబాటుకు ఆజ్యం పోసిన ఆర్థికమంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ ఈ ఇంటి వారసుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలోని కుట్ పట్టణంలో నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని, 1916 ఏప్రిల్‌లో టర్కీ సేనకు లొంగిపోయిన జనరల్ టౌన్‌షెండ్‌దీ ఈ వంశమే. ఆయనతోపాటు బందీలైన సుమారు 13 వేల మందిలో అత్యధికులు భారతీయులు. వారిలో వేలమంది ఖైదులోనే కన్నుమూశారు.

ఇంత చరిత్ర ఉన్నా రేనమ్ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది మంత్రులూ కాదు, సేనానులూ కాదు. ఒక దెయ్యం!

ఎవరీ డొరతీ?

డొరతీ 1686లో పుట్టింది. పుట్టినిల్లు హౌటన్. అదీ నార్‌ఫోక్‌లోదే. ఆమె అన్న రాబర్ట్ వాల్‌పోల్ 1721 నుంచి 1742 దాకా దేశాన్ని ఏలిన నాయకుడు. బ్రిటన్ తొలి ప్రధానమంత్రిగా చరిత్రకారులు లెక్కవేసేది ఆయననే. పొరుగునే ఉన్న రేనమ్ వారసుడు చార్లెస్ టౌన్‌షెండ్‌కు చిన్నతనంలోనే తండ్రి పోతే, డొరతీ తండ్రే సంరక్షకుడిగా ఉన్నాడు. అలా రెండిళ్ల మధ్య రాకపోకలు ఉండేవి.

చార్లెస్ మొదటి భార్య 1711లో చనిపోయింది. 1713లో ఆయన డొరతీని పెళ్లాడాడు. బావ, బావమరిది కలిసి దేశ రాజకీయాలను చాలాకాలం నడిపారు. చార్లెస్‌కు మరో పేరు కూడా ఉంది... 'టర్నిప్ టౌన్‌షెండ్'! రాయబారిగా హాలండ్‌లో ఉన్నప్పుడు చూసిన సేద్యపు పద్ధతులు ఆయనకు నచ్చాయి. ఒక ఏడు గోధుమ, మరో ఏడు టర్నిప్ దుంప, ఆ తర్వాత బార్లీ, ఆపైన క్లోవర్ పచ్చిగడ్డి... ఇలా నాలుగేళ్ల పంట మార్పిడికి ఇంగ్లండులో ప్రచారం కల్పించినవారిలో ఆయనొకరు. దాంతో భూమిని బీడు పెట్టాల్సిన పని తగ్గింది. శీతాకాలంలో పశువులకు మేత దొరికింది.

పలువురు బిడ్డల తల్లి అయిన డొరతీ 1726 మార్చి 29న మరణించింది. అప్పటికి ఆమె వయసు 39. మశూచి సోకి చనిపోయిందన్నది అప్పటి మాట. ఆ రోజుల్లో ఐరోపాలో మశూచికి బలికాని ఊరు లేదు. రాజులనూ, కూలీలనూ అది ఒకేలా పట్టుకుపోయేది.

కానీ ఊళ్లో పుట్టిన కథ వేరు. పెళ్లికి ముందే డొరతీకి లార్డ్ వార్టన్ అనే విలాసపురుషుడితో సంబంధం ఉందనీ, అది తెలిసిన భర్త కోపం పట్టలేక ఆమెను ఓ గదిలో బంధించాడనీ, కన్నబిడ్డల్ని కూడా చూడనివ్వలేదనీ, అలాగే కుమిలి కుమిలి పోయిందనీ చెప్పుకొనేవారు. కొందరైతే మెట్ల మీంచి తోసేశారన్నారు. అసలామె అప్పుడు చావనేలేదు, ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపించారన్నవాళ్లూ ఉన్నారు. వీటిలో దేనికీ రుజువు లేదు. చావు ఒకటే. దానికి కథలు మాత్రం మూడు!

లాంతరు పట్టుకున్న ఆడమనిషి

బాగా ప్రచారంలోకి వచ్చిన మొదటి సంఘటన 1835 క్రిస్మస్ నాటిది. అంటే డొరతీ పోయిన నూటతొమ్మిదేళ్లకు! పండక్కి వచ్చిన అతిథుల్లో కల్నల్ లోఫ్టస్ ఒకరు. రాత్రి పడకగదికి వెళుతుంటే పాతకాలపు గోధుమరంగు దుస్తుల్లో ఒకావిడ కనిపించిందట. మర్నాడు మళ్లీ ఎదురైంది. ముఖం వెలుగుతోంది కానీ కళ్లుండాల్సిన చోట చీకటి గుంతలే ఉన్నాయని ఆయన చెప్పాడు. ఇది విని కొందరు పనివాళ్లు కొలువు మానేసి వెళ్లిపోయారని ఆ కథ చెప్పినవాళ్లు రాశారు.

ఆ మరుసటి ఏడాది వచ్చినవాడు కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్. సముద్రయానాల నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత. అంతకుముందు నౌకాదళ అధికారిగా, మద్రాసు సిపాయిలు పాల్గొన్న మొదటి బర్మా యుద్ధంలో ఓడను నడిపినవాడు. దెయ్యమా, గాడిదగుడ్డా... ఇదంతా దొంగసరుకు రవాణా చేసేవాళ్లు జనాన్ని బెదరగొట్టడానికి ఆడుతున్న నాటకమని ఆయన అనుమానం. పట్టుబట్టి ఆవిడ చిత్తరువు వేలాడుతున్న గదిలోనే పడుకున్నాడు. దిండు కింద తూటాలు నింపిన రివాల్వర్!

రెండు రాత్రులు ఏమీ జరగలేదు. మూడో రాత్రి ఇంటివాళ్ల కుర్రాళ్లిద్దరు వచ్చి, లండన్ నుంచి కొత్త తుపాకీ వచ్చింది చూద్దురుగాని రమ్మన్నారు. ఎందుకైనా మంచిదని రివాల్వర్ పట్టుకునే వెళ్లాడు. తిరిగొస్తుంటే పొడవాటి చీకటి నడవాలో అటువైపు నుంచి లాంతరు వెలుగు కదిలివస్తోంది. ఎవరో ఇంటి ఆడవాళ్లనుకుని, రాత్రి దుస్తుల్లో ఎదురుపడటం బాగుండదని ముగ్గురూ ఓ తలుపు చాటున నక్కారు. దగ్గరకొచ్చాక చూస్తే... పటంలో ఉన్న ఆవిడే! అవే గోధుమరంగు దుస్తులు. సరిగ్గా తలుపు ముందు ఆగి, లాంతరు ముఖం దాకా ఎత్తి వికృతంగా నవ్వింది. మారియట్ ఒక్క ఉదుటున బయటికి దూకి ముఖం మీదే కాల్చాడు. ఆకారం మాయమైంది. తూటా మాత్రం ఎదురు తలుపులోంచి దూసుకుపోయి లోపలి చెక్కలో దిగబడింది.

ఒళ్లు గగుర్పొడిచే కథే. అయితే దీన్ని రాసింది మారియట్ కాదు. ఆయన కూతురు ఫ్లోరెన్స్. మద్రాసు సైన్యంలోని అధికారిని పెళ్లాడి కొన్నేళ్లు దక్షిణ భారతంలోనూ కాపురమున్న రచయిత్రి. ఈ సంఘటన జరిగిందంటున్న నాటికి ఆమె వయసు మూడేళ్లు! పుస్తకం అచ్చయింది 1891లో. అంటే యాభై అయిదేళ్ల తర్వాత. అప్పటికామె చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడవచ్చని గట్టిగా నమ్మే మనిషి. పైగా 1836 అంటే కోల్ట్ రివాల్వర్ అప్పుడప్పుడే అమెరికాలో పేటెంటు పొందిన ఏడాది. అదే ఏడు నార్‌ఫోక్‌లో ఓ రచయిత దిండు కిందికి రివాల్వర్ ఎలా వచ్చిందన్నది ఆలోచించాల్సిన విషయమే. తండ్రి చెప్పిన కథ కూతురి నోట మరికాస్త రంగు పులుముకుని ఉండొచ్చు. తాతమ్మల కథలు విన్న ఏ ఇంట్లోవాళ్లకైనా ఇది తెలిసిన సంగతే.

సాయంత్రం నాలుగింటికి... క్లిక్!

1936 సెప్టెంబరు 19. 'కంట్రీ లైఫ్' పత్రిక కోసం రేనమ్ హాల్‌ను ఫొటోలు తీయడానికి లండన్ నుంచి ఇద్దరు వచ్చారు. కెప్టెన్ హ్యూబర్ట్ ప్రోవాండ్, ఇండ్రె షీరా. పొద్దున్నుంచీ గదులన్నీ తీశారు. సాయంత్రం నాలుగవుతోంది. మెట్లను ఒకసారి తీసి రెండోదానికి సిద్ధమవుతున్నారు. ప్రోవాండ్ తల కెమెరా వెనక నల్లగుడ్డ కింద ఉంది. ఫ్లాష్ పట్టుకుని నిల్చున్న షీరాకు మెట్ల మీద పొగలాంటిదేదో ఆడమనిషి రూపు దిద్దుకుంటూ దిగివస్తున్నట్టు అనిపించింది. తీయండి తీయండి అంటూ అరిచి ఫ్లాష్ వెలిగించాడు. ప్రోవాండ్‌కు ఏమీ కనిపించలేదు. నీకేదో భ్రమ అన్నాడు. తీరా నెగెటివ్ కడిగితే ఆకారం ఉంది!

ఆ ఏడాది డిసెంబరు 26న 'కంట్రీ లైఫ్' దాన్ని అచ్చేసింది. ఆ వెంటనే 1937 జనవరిలో అమెరికాలోని 'లైఫ్' పత్రికలోనూ వచ్చింది. దాంతో నార్‌ఫోక్ పల్లె కథ కాస్తా ప్రపంచ వార్త అయిపోయింది. ఆనాటికి దెయ్యాల పరిశోధనలో పేరుమోసిన హ్యారీ ప్రైస్ స్వయంగా ఆ ఇద్దరినీ ప్రశ్నించాడు. నెగెటివ్‌నూ చూశాడు. వాళ్లు అబద్ధమాడుతున్నట్టు ఆయనకు అనిపించలేదు.

మిగతావాళ్లు అంత సులువుగా ఒప్పుకోలేదు. ఫొటోను నిశితంగా చూస్తే మెట్ల అంచుల వెంబడి పలచటి తెల్లగీతలు కనిపిస్తాయి. కుడివైపు కటకటాల కొన మీద పడిన వెలుగు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకే దృశ్యం కొద్దిగా జరిగి రెండుసార్లు పడిందనడానికి ఇవి గుర్తులు. ఫొటో తీస్తుండగా కెమెరా కదిలి ఉండొచ్చన్నారు కొందరు. ఒకే నెగెటివ్ మీద రెండు ఫొటోలు పడ్డాయన్నారు మరికొందరు. మేరీమాత విగ్రహం లాంటిదేదో మెట్ల మీద కలిసిపోయి ఉండొచ్చన్న మాటా వచ్చింది. లెన్స్ మీద జిడ్డు రాశారన్న అనుమానమూ ఉంది.

మరో రెండు సంగతులు. ఒకటి, మారియట్ కథలోని ఆవిడకు ముఖం ఉంది, చేతిలో లాంతరు ఉంది. ఫొటోలో ఆ రెండూ లేవు. రెండు, ఆ ఇంటి పెద్ద దొరసాని మార్షనెస్ టౌన్‌షెండ్ మరో రచయిత్రితో కలిసి దెయ్యాల కథల సంకలనం ప్రచురించిందీ 1936లోనే. అంతకు పదేళ్ల ముందు, 1926లో, ఇంటి పిల్లవాడికీ అతని స్నేహితుడికీ మెట్ల మీద ఆవిడ కనిపించిందన్న కబురూ ఉంది. అంటే ఫొటోగ్రాఫర్లు అడుగుపెట్టేనాటికే ఆ మెట్లకు దెయ్యం పేరుంది. ఎక్కడ చూడాలో, ఎవరి కోసం చూడాలో అందరికీ తెలుసు!

దెయ్యాల మీద దర్యాప్తు

దెయ్యాలున్నాయో లేవో శాస్త్రీయంగా తేల్చాలని బ్రిటన్‌లో పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లే నడుం కట్టారు. 1882లో లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ పుట్టింది. మొదట్లో వాళ్లు చేపట్టిన పెద్ద దర్యాప్తుల్లో ఒకటి మనకు దగ్గరిదే. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు బ్లావట్‌స్కీ చుట్టూ జరుగుతున్నాయన్న మహిమల సంగతి తేల్చడానికి రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుణ్ని 1884లో పంపారు. అవన్నీ కల్పితాలేనని 1885 నివేదిక తేల్చింది. ఆ నివేదికలోనే లోపాలున్నాయని నూరేళ్ల తర్వాత, 1986లో, అదే సొసైటీ పత్రికలో మరో పరిశీలన అచ్చయింది. నమ్మేవాళ్లనే కాదు, నమ్మనివాళ్లనూ తిరిగి ప్రశ్నించాల్సిందేనన్నమాట.

హ్యారీ ప్రైస్ కథ మరీ రసవత్తరం. ఎసెక్స్ కౌంటీలోని బోర్లీలో 1860ల్లో కట్టిన ఓ చర్చి గురువు ఇంటిని 1937లో ఏడాదికి అద్దెకు తీసుకున్నాడు. 'టైమ్స్' పత్రికలో ప్రకటన ఇచ్చి 48 మంది పరిశీలకుల్ని చేర్చుకున్నాడు. థర్మామీటర్లు, చప్పుడైతే రాసుకోవడానికి పుస్తకాలు, వస్తువులు కదిలితే తెలిసేలా వాటి చుట్టూ సుద్దగీతలు... దెయ్యాల వేటలో ఇప్పుడు టీవీల్లో చూసే తంతుకు మూలం అదే. ఆ ఇల్లు 1939లో కాలిపోయింది. మరుసటేడే ప్రైస్ దాని మీద పుస్తకం తెచ్చాడు. ఇంగ్లండులోకెల్లా దెయ్యాలు ఎక్కువున్న ఇల్లని బోర్లీకి పేరు పడింది. 1948లో ప్రైస్ చనిపోయాడు. 1956లో సొసైటీ సభ్యులే ముగ్గురు మొత్తం తిరగదోడి, చాలావాటికి ఎలుకలు, గాలి, ఆకతాయితనం లాంటి మామూలు కారణాలే సరిపోతాయనీ, కొన్నిటి వెనక ప్రైస్ చేయే ఉండొచ్చనీ రాశారు. ఆ తర్వాత ప్రైస్‌ను వెనకేసుకొచ్చినవాళ్లూ లేకపోలేదు.

వినిపించని మోత

మరి, అబద్ధమాడాల్సిన పనిలేనివాళ్లకు కూడా ఏదో కనిపించిందంటే? దీనికో చక్కని సమాధానం కోవెంట్రీలో దొరికింది. విక్ టాండీ అనే ఇంజినీరు అక్కడి ఓ ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఒక రాత్రి ఒంటరిగా పనిచేసుకుంటుంటే చెమటలు పట్టాయి. కంటి కొసకు బూడిదరంగు ఆకారం తోచింది. తల తిప్పేసరికి మాయం! మర్నాడు పోటీ కోసం తన కత్తిసాము కత్తిని పట్టుకొమ్ములో బిగిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే అది వణకడం మొదలుపెట్టింది. ఇంజినీరు కదా, పారిపోకుండా లెక్క కట్టాడు. కొత్తగా బిగించిన గాలిపంకా నుంచి సెకనుకు సుమారు 19 కంపనాల శబ్దతరంగం పుట్టి గదిలో నిలబడిపోతోంది. మనిషి చెవికి 20 లోపు వినిపించవు. కానీ శరీరానికి తెలుస్తుంది. పంకా సరిచేశారు. దెయ్యం పోయింది! సహచరుడితో కలిసి 1998లో ఈ సంగతిని ప్రకటించాడు టాండీ. 2003లో లండన్‌లో ఓ కచేరీ మధ్యలో 17 కంపనాల శబ్దాన్ని శ్రోతలకు తెలియకుండా కలిపి చూస్తే, 22 శాతం మంది ఏదో తెలియని గుబులు, చలి, దిగులు లాంటివి కలిగాయని చెప్పారు. అయితే ఇలాంటి శబ్దం వల్లే దెయ్యాలు కనిపిస్తాయని గట్టిగా తేలలేదు.

మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం ఎనిమిదో హెన్రీ మహారాజు ఉన్న హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌ను ఎంచుకుంది. 1542లో తల నరికించుకున్న రాణి కేథరిన్ హోవర్డ్ ఆత్మ తిరుగుతోందన్న పేరున్న కోట అది. వందలాది మంది సందర్శకుల్ని లోపలికి పంపి, ఎక్కడ ఏమనిపించిందో రాయమన్నారు. 2003లో వెలువడిన ఫలితాలు ఆసక్తికరం. దెయ్యం పేరున్న చోట్లనే ఎక్కువమందికి తేడాగా తోచింది. ఆ పేరు ముందే తెలుసా, లేదా అన్నదాంతో దానికి సంబంధం లేదు! గది పరిమాణం, బయటి వెలుతురు, అయస్కాంత క్షేత్రంలోని హెచ్చుతగ్గుల్లాంటి వాటితో మాత్రం సంబంధం కనిపించింది. అంటే భయపడినవాళ్లు బొంకలేదు. వాళ్లకు కలిగిన అనుభూతి నిజమే. దానికి పెట్టిన పేరే దెయ్యం.

ఓక్ చెక్కతో కట్టిన పాత ఇంట్లో రాత్రి చల్లబడితే మెట్లు కిర్రుమంటాయి. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. కొవ్వొత్తి వెలుగులో నడవా చివర అద్దం కూడా మనిషిలా కనిపిస్తుంది. గోడ నిండా చనిపోయినవాళ్ల చిత్తరువులు. వాటిలో ఓ గోధుమరంగు దుస్తుల ఆవిడ... ఇంకేం కావాలి?

అసలు డొరతీ

బ్రిటన్‌లో పాత భవంతుల్ని నిలబెట్టుకోవడం తలకు మించిన ఖర్చు. అందుకే దెయ్యం ఉందన్న పేరు చాలా ఇళ్లకు చేటు చేయదు, కూడు పెడుతుంది. రాత్రి బసలు, దెయ్యాల నడకలు, టార్చిలైట్లతో వేటలు అక్కడో చిన్నపాటి వ్యాపారం. రేనమ్ హాల్ మాత్రం ఈనాటికీ టౌన్‌షెండ్ల నివాసమే. ఏడాది పొడవునా తలుపులు తెరిచి ఉంచే ప్రదర్శనశాల కాదది.

ఈ సందడిలో నష్టపోయింది ఒక్క డొరతీయే. దేశాన్ని ఏలిన అన్నకూ, అధికారం పంచుకున్న భర్తకూ మధ్య ఆమె ఓ వంతెన. ఆమె పోయిన నాలుగేళ్లకే, 1730లో, ఆ ఇద్దరి స్నేహం తెగిపోయింది. టౌన్‌షెండ్ పదవి వదిలి రేనమ్‌కు వచ్చేసి, టర్నిప్ పొలాల మధ్యే 1738లో కన్నుమూశాడు. డొరతీ ఎలా మాట్లాడేది, బిడ్డల్ని ఎలా పెంచింది, అన్నకూ భర్తకూ ఏం చెప్పేది... ఇవి అడిగేవారు లేరు. ఆమె మీద మోపిన అపవాదుకు రుజువులేదు. భర్త మీద మోపిన నేరానికీ రుజువులేదు. అయినా మూడు వందల ఏళ్లుగా ఒకరు జారిణి, మరొకరు కసాయి!

మెట్ల మీద ఫొటోలో ఉన్నది వెలుగో, పొగో, కెమెరా కుదుపో తేలకపోవచ్చు. 1726లో ఆ ఇంట్లో 39 ఏళ్ల తల్లి ఒకరు చిన్నచిన్న పిల్లల్ని వదిలి వెళ్లిపోవడం మాత్రం జరిగిన సంగతి. మశూచి అనే అసలు దెయ్యం పీడ 1980లో ప్రపంచానికి విరగడైంది. డొరతీకి అంటుకున్న కథే ఇంకా వదల్లేదు.